తడి గీత

గ్రానైటు పలక మీద బకెట్టు నీళ్లు కుమ్మరించి
కాశింపీరా మేస్త్రి గొంతుక్కూర్చుంటాడు.
"తొందరపడబాక. ఆరనీ."
చీమకుర్తి ఎండకి ఆరడం ఎంతసేపు?
నల్లరాతిలో వెండి చుక్కలు ఒక్కోటే తేలతాయి.
అంతా ఆరాక కూడా
వెంట్రుకంత గీత తడిగా మిగిలితే
అది పగులు.
రాయి ఒప్పుకోదు. నీళ్లు చెప్పేస్తాయి.

పగలు ఆ యూనిట్లో లోడింగు లెక్కలు రాస్తాను.
రాత్రి, ఎవరూ జీతమివ్వని ఒక కంపైలర్ మీద
వచ్చిన ఫిర్యాదులు చదువుతాను.
మేం ఆరుగురం, ఒకరి ముఖం ఒకరం ఎరగం.
ఒకాయనకి బిడ్డ పుట్టింది, ఆర్నెల్లుగా అయిపు లేదు.
ఒకామె పరీక్షలయ్యాక వస్తానంది,
ఏ పరీక్షలో, ఏ సంవత్సరంవో.
లెక్కకి ఆరుగురం. ఆదివారాలు ఇద్దరం.

కంపైలరంటే ఏందే అంది అమ్మ, చింతపండు పిసుకుతూ.
మనిషి రాసింది మిషనుకి చెప్పే దుబాసీ అన్నాను.
"ఆ దుబాసీ అబద్ధమాడితే?"
అదేనమ్మా.
నా పని అదే.

పెండింగు పదకొండువందల నలభై.
"పనిచెయ్యట్లా" అని ఒకటి. అంతే.
ఏది? ఏ వెర్షను? ఏ మిషను మీద?
డాక్టరు ముందుకొచ్చి "నొప్పి" అనేసి
లేచి వెళ్లిపోయినట్టు.
కొన్నిట్లో తప్పు రాసినవాళ్లదే,
తమది కాని గదిలో చెయ్యిపెట్టి పదేళ్లు నెట్టుకొచ్చారు,
ఇప్పుడు కరిచింది.
ఆ మాట గుచ్చకుండా చెప్పడానికి
పగులు పట్టడం కన్నా ఎక్కువసేపు పడుతుంది.

నిన్న, పాలకేంద్రంలో తూకాలు చూసే మనిషెవరో,
ఏ దేశమో రాయలేదు,
తొమ్మిదివేల లైన్లు నా ముందు గుమ్మరించాడు.
"ఆప్టిమైజేషన్ పెడితే ఖాళీ క్యానులో
నాలుగొందల ఇరవై తొమ్మిది కోట్ల గ్రాముల పాలు చూపిస్తంది.
తీసేస్తే బాగుంటది.
మూడు వారాలుగా చూస్తన్నా.
నాకేమన్నా పిచ్చా?"

సగానికి కోశాను. ఉంది.
మళ్లీ సగం. పోయింది. కోసింది తిరిగి అతికించి
ఇంకో వైపు కోశాను. ఉంది.
కరెంటు పోయింది. వచ్చింది.
రామతీర్థం వైపు లారీలు గేరు మారుస్తున్నాయి.
రంగుల కోడ్ పోయింది, రసీదులు పోయాయి,
పాలు పోసిన వాళ్ల పేర్లు పోయాయి,
చివరికి పాలూ పోయాయి.
రెండున్నరకి మిగిలింది పదకొండు లైన్లు.
ఒక తీసివేత. దానికింద ఒక కాపలా:
సున్నా కిందికి పోతే ఆపు.
ఆ కాపలాని కంపైలర్ ఎత్తేసింది.

ఎప్పట్నించీ? పాత మార్పులన్నీ ఒక్కోటే తిరగేశాను.
రెండేళ్ల కిందటి ఒక మార్పు దగ్గర
తడి ఆరలేదు.
"ఇక్కడ సున్నా కిందికి పోవడం జరగదు" అని నమ్మకంగా రాసి,
నూటికి నాలుగుపాళ్లు వేగం పెంచానని
ఆ రోజు స్వీట్లు పంచిన మనిషి,
నేనే.

కాశింపీరా ఒకసారి తను సుద్దతో టిక్కు పెట్టిన పలక
ఓడెక్కబోతుంటే దింపించాడు.
ఓనరు అరిచాడు. రవాణా ఎవడిస్తాడన్నాడు.
మేస్త్రి ఏమీ అనలేదు,
లుంగీ అంచుతో ఆ టిక్కు తుడిచాడు.

నా మార్పు వెనక్కి తీస్తే ఎందరికో నిదానమవుతుంది.
తియ్యకపోతే ఎక్కడెక్కడ
ఎన్ని ఖాళీ క్యాన్లు నిండుతున్నాయో తెలీదు.
ఇద్దరం మాట్లాడుకోవాలి. ఆదివారం దాకా ఆగాలి.
ఈలోపు అతనికి రాశాను:
"మీకు పిచ్చి కాదు. నాకూ అట్టనే వచ్చింది.
కాపలా తీసింది నేను."
మూడు వాక్యాలు. నాలుగుసార్లు చెరిపాను.

తెల్లారేసరికి యూనిట్లో నీళ్ల చప్పుడు.
ఫోన్లో ఇంకోటి వచ్చి ఉంది, కొత్త పేరు.
"పనిచెయ్యట్లా."
నిలబడే కొట్టాను:
ఏ వెర్షనండీ?